దిద్దడం కాదమ్మా నీ పని

బుజ్జీ,

మీ కాలేజీలో మొదటి ఏడాది పిల్లలు ఊళ్లో ఇంటింటికీ తిరిగి రాసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు రిపోర్టులకి, సీనియర్‌వని నిన్ను సాయం పెట్టారని విన్నాను. సంతోషం. మీ నాన్న అప్పుడే "మా అమ్మాయి పేపర్లు దిద్దుతోందండీ" అని వీధిలో నలుగురికి చెప్పేశాడు. ఆ మాట వినే ఈ ఉత్తరం రాస్తున్నాను. దిద్దడం కాదమ్మా నీ పని.

ఆ తప్పు నేను చేశాను కాబట్టి చెబుతున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, గోదావరి లంక నుంచి రోజూ పడవ దాటి వచ్చే కుర్రాడొకడు వ్యాసం తెచ్చాడు. ప్రతి వాక్యం కొట్టేసి, పైన ఎర్ర సిరాతో నా వాక్యం రాసిచ్చాను. వాడు బుద్ధిగా ఫెయిర్ చేసుకొచ్చాడు. నేనే మెచ్చుకుని నేనే మార్కులు వేశాను. తీరా పరీక్షలో నాలుగు లైన్లు రాసి పేపరిచ్చేశాడు. నేను చేసింది పలక మీద అక్షరం రాసిచ్చి దిద్దబెట్టడం. పద్దెనిమిదేళ్ల వాడికి!

నీ దగ్గరికి ఎవరొచ్చినా ముందు కాగితాలు బోర్లా పెట్టించు. "ఏం రాశావో నాకు చెప్పు" అని అడుగు. తెలుగులోనే చెప్పనియ్యి. 2021-22 నుంచి మన ఆంధ్రాలో డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం అయ్యాక పిల్లలకి ఆలోచన ఒక భాషలో, రాత ఇంకో భాషలో నడుస్తోంది. మధ్యలో వంతెన లేదు. ఆ కాసేపు నువ్వే వంతెనవి.

ఉద్యోగం చివరి రోజుల్లో నా దగ్గరికొచ్చిన ఆకివీడు వైపు అమ్మాయి సంగతి విను. "మన జిల్లాలో ఆక్వా సాగు ప్రధాన పాత్ర పోషిస్తోంది" అని మొదలుపెట్టి, రెండు పేజీల నిండా ఎక్కడో దొరికిన లెక్కలు పోసింది. తప్పు లేదు, ప్రాణమూ లేదు. కాగితాలు బోర్లా పెట్టి, "మీకు చెరువుందా?" అన్నాను. "మొన్నటిదాకా వరేనండి. చుట్టూ చెరువులు తవ్వేశారు, మా చేను మధ్యలో ఉండిపోయింది. ఊట దిగి నేల ఆరదు, కోత మిషను దిగబడిపోతోంది. ఇంక చేసేది లేక మేమూ లీజుకి ఇచ్చేశాం" అంది. "ఇది రాయలేదేం?" అంటే, "ఇది మా ఇంటి గొడవ కదండీ, రిపోర్టులో రాయొచ్చా?" అని అడిగింది. రైతు ఇష్టపడి చెరువు తవ్వుతున్నాడా, పక్క చెరువు తవ్విస్తోందా? ఆ ప్రశ్న పట్టుకుని ఊళ్లో పన్నెండు ఇళ్లకి తిరిగి మళ్లీ రాసింది. ఇంగ్లీషులో తప్పులు మొదటిసారి కంటే ఎక్కువే ఉన్నాయి. అయినా అది రిపోర్టు.

అందుకే స్పెల్లింగులు ఆఖరున చూడు. ఎలాగూ కొట్టేయాల్సిన పేరాలో కామాలు సర్దడం, పడగొట్టబోయే గోడకి సున్నం వేయడమే. మార్జిన్‌లో రెండు మూడు మాటలకి మించి రాయకు. అవీ తీర్పుల్లా ఉండకూడదు. "ఇక్కడ నాకు అర్థం కాలేదు", "ఇది ఎవరు చెప్పారు?" చాలు. సబ్జెక్టు నీకు రాకపోయినా ఫర్వాలేదు. "కాటన్ దొర బ్యారేజీ 1852లో పూర్తయింది" అని ఒకడు రాస్తే, "ఆనకట్టా, బ్యారేజీయా?" అని అడుగు చాలు, వాడే వెతుక్కుంటాడు. 1847లో మొదలై 1852లో పూర్తయింది ఆనకట్ట. ఇప్పుడు మనం ధవళేశ్వరంలో దాటే బ్యారేజీ వందేళ్లు దాటాక కట్టింది.

ఇంకోటి, ఇది మీ ప్రిన్సిపాల్ గారి చెవిన వేయాల్సిన సంగతి. అమెరికాలో బ్రౌన్ యూనివర్సిటీ 1982లో, రాతలో విద్యార్థికి తోటి విద్యార్థే సాయం చేసే ఈ పద్ధతి మొదలుపెట్టినప్పుడు ఒక మంచి నియమం పెట్టుకుంది. కోర్సులో బాగా రాసేవాడు, రాయలేనివాడు అని లేకుండా అందరూ తమ చిత్తుప్రతిని తోటి విద్యార్థికి చూపించాలి. దాని మీద రాసిన మాటలు చదువుకుని, కూర్చుని మాట్లాడి, తిరగరాసి, అప్పుడు టీచరుకి ఇవ్వాలి. మన దగ్గర సాయానికి వెళ్లాడంటే మొద్దు అని ముద్ర వేసేస్తారు. అందరూ వెళ్తే ఆ ముద్ర ఉండదు. గడువుకి కనీసం పది రోజుల ముందు చిత్తుప్రతి తెమ్మను. రేపు ఇవ్వాలనగా ఇవాళ వచ్చినవాడికి నువ్వు కామాలు తప్ప ఏం చేయలేవు.

"అక్కా, నువ్వే రాసిపెట్టవా" అనేవాళ్లు తప్పకుండా వస్తారు. జెరాక్స్ షాపులో పాత రిపోర్టు కొన్నవాళ్లు, ఫోన్‌లో ఏఐ చేత రాయించుకొచ్చినవాళ్లూ వస్తారు. పోలీసు పని నీకొద్దు. మళ్లీ బోర్లా పెట్టించి అడుగు. రాసినవాడు చెబుతాడు, రాయనివాడు నీళ్లు నములుతాడు. అప్పుడు కొత్త కాగితం ఇచ్చి, "నువ్వు చూసిన ఒక్క ఇల్లు గురించి రాయి" అను. లేచి వెళ్లిపోతే పోనీ.

మార్కుల సంగతి మాట్లాడకు. ఎవరి కాగితంలో ఏముందో క్యాంటీన్‌లో అసలు మాట్లాడకు. ఆ ఆకివీడు అమ్మాయికి ఉన్న భయం చాలామందికి ఉంటుంది.

సంక్రాంతికి వచ్చేటప్పుడు నీ సొంత ప్రాజెక్టు రిపోర్టు పట్టుకురా. మీ పెద్దమ్మ పూతరేకులు చేయిస్తానంటోంది. తింటూ కూర్చుందాం, కాగితాలు బోర్లా పెట్టి.

ఆశీస్సులతో,
పెదనాన్న