పాఠకుల ప్రశ్నలు: సైన్యంలో సహాయక దళాల చరిత్ర

ప్రశ్న: మన సైన్యంలోని సరఫరా, వైద్య, సిగ్నల్స్, మరమ్మతు దళాలు పాటించే ఆవిర్భావ దినాలను పోల్చి చూస్తే కొన్ని పద్దెనిమిదో శతాబ్దానికి చెందినవి, కొన్ని 1943 నాటివి. ఒకే సైన్యంలో ఇంత తేడా ఎందుకు వచ్చింది? ఏ తేదీని ప్రామాణికంగా తీసుకోవాలి?

జవాబు: రెండు రకాల తేదీలూ సరైనవే, కాని అవి చెప్పే విషయం ఒకటి కాదు. ఒక పని సైన్యంలో మొదటిసారి ఎవరో ఒకరి బాధ్యతగా స్థిరపడిన రోజును కొన్ని దళాలు తమ పుట్టుకగా లెక్కిస్తే, మరికొన్ని తమ పేరుతో, తమ సొంత అధికారులతో వేరు దళంగా ఏర్పడిన రోజును లెక్కిస్తాయి. తిండి వంటి సరఫరాలు చూసే ఆర్మీ సర్వీస్ కోర్ 1760 డిసెంబరు 8ని, మందుగుండు, సామాను దాచి పంచే ఆర్డ్‌నెన్స్ కోర్ 1775 ఏప్రిల్ 8ని పాటిస్తున్నాయి. ఇవి ఈస్టిండియా కంపెనీ తన సేనలకు తిండి, మందుగుండు సమకూర్చుకోవడానికి చేసుకున్న ఏర్పాట్లకు చెందిన తేదీలే తప్ప, ఆ దళాలు నేటి రూపంలో ఏర్పడిన తేదీలు కావు.

సిగ్నల్స్ సంగతి వేరు. వార్తలు పంపే పని మొదట సాపర్ల, అంటే ఇంజినీర్ల దళపు సైనికుల చేతిలో ఉండేది. 1911 ఫిబ్రవరి 15న లెఫ్టినెంట్ కర్నల్ ఎస్.హెచ్. పావెల్ ఆధ్వర్యంలో ప్రత్యేక సిగ్నల్ కంపెనీలు ఏర్పడ్డాయి. ఆ పావెల్ కూడా ఇంజినీర్ల దళానికి చెందిన అధికారే కనుక, కొత్త దళం పాత దళం నుంచి ఎలా చీలి వచ్చిందో ఆయన నియామకంలోనే కనిపిస్తుంది.

ఇక 1943లో రెండు పెద్ద మార్పులు జరిగాయి. ఇండియన్ మెడికల్ సర్వీస్, ఇండియన్ మెడికల్ డిపార్ట్‌మెంట్, ఇండియన్ హాస్పిటల్ కోర్ అని మూడు తావుల్లో విడివిడిగా ఉన్న వైద్య సిబ్బందిని ఏప్రిల్ 3న ఒకే దళంగా కలిపారు. ఆర్డ్‌నెన్స్ కోర్ చేతిలో ఉన్న మరమ్మతు పని విడివడి, అక్టోబరు 15న ఎలక్ట్రికల్ అండ్ మెకానికల్ ఇంజినీర్ల దళమైంది. అంతకు ఏడాది ముందే బ్రిటిష్ సైన్యంలోనూ ఇదే మార్పు జరిగింది. రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైన్యం ఇరవై లక్షలకు మించి పెరిగింది. గుర్రాలు, కంచరగాడిదల స్థానంలో లారీలు, ట్యాంకులు, వైర్‌లెస్ సెట్లు వచ్చాయి. సామాను దాచి పంచే గిడ్డంగి యంత్రాంగమే చెడిపోయిన ట్యాంకును యుద్ధభూమి నుంచి లాగి తెచ్చి బాగుచేయడం కూడా చూసుకోవాలంటే సాధ్యం కాలేదు.

కాబట్టి ఏ దళం చరిత్ర చదివినా, అంతకుముందు ఆ పనిని ఎవరు చేసేవారు, అది వాళ్ల చేతిలో ఎందుకు నిలవలేకపోయింది అనే రెండు ప్రశ్నలు వేసుకొని చదవాలని నా సలహా. వార్షికోత్సవ సంచికల్లో తేదీలు దొరుకుతాయి గాని, ఈ కారణాలు చాలాసార్లు దొరకవు. నాకు అదే పెద్ద లోటుగా కనిపిస్తుంది.

ప్రశ్న: సాపర్లు, మైనర్లు, పయొనీర్లు ఒకరేనా?

జవాబు: నేడు మన ఇంజినీర్ల దళంలో సైనికులందరినీ సాపర్లనే అంటున్నారు కాని, ఒకప్పుడు ఇవి మూడు వేర్వేరు పనులు. సేనకు ముందు నడుస్తూ అడవి కొట్టి, బాట వేసి, వాగుల దగ్గర దాటే ఏర్పాటు చేసేవారు పయొనీర్లు. ముట్టడిలో కోట వైపు కందకాలు తవ్వుకుంటూ పోయేవారు సాపర్లు. ఆ కందకాలను తిన్నగా తవ్వితే కోట గోడ మీది ఫిరంగి ఒక్కటే కందకం పొడవునా గుండు దొర్లించగలదు కనుక, వంకరటింకరగా మలుపులు తిప్పుతూ, ప్రతి మలుపు దగ్గరా శత్రువు చూపుకు అడ్డంగా మట్టి కట్ట పోసుకుంటూ గోడను సమీపించేవారు. గోడ కిందికి సొరంగం తొలిచి తుపాకీమందు పేర్చి పేల్చేవారు మైనర్లు.

దక్షిణ భారతంలో ఈ కథ 1780లో మొదలవుతుంది. ఆ ఏడు జూలైలో హైదర్ అలీ కర్ణాటక్ (నేటి కర్ణాటక రాష్ట్రం కాదు, ఆర్కాటు నవాబు ఏలిన ప్రాంతం) మీదికి దండెత్తి వచ్చాడు. సెప్టెంబరు 30న లెఫ్టినెంట్ జోసెఫ్ మూర్‌హౌస్ రెండు కంపెనీల మద్రాసు పయొనీర్లను సమకూర్చాడు. ఆయన 1791లో బెంగళూరు ముట్టడిలో చనిపోయాడు. ఆ పయొనీర్లే 1831లో మద్రాసు సాపర్లు, మైనర్ల దళంగా మారారు. బెంగళూరులోని మద్రాస్ ఇంజినీర్ గ్రూపు వారి వారసత్వమే. ముళ్లకంచెను దూరం నుంచే తెగ్గొట్టడానికి, మందు కూరిన గొట్టాలను ఒకదానికొకటి తగిలించి కంచె కిందికి తోసి పేల్చే ‘బెంగళూరు టార్పెడో’ను 1912లో అక్కడే కెప్టెన్ మెక్‌క్లింటాక్ రూపొందించాడు. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ దాన్ని వాడారు.

ప్రశ్న: సహాయక దళాలు వెనుక ఉండి సేవ చేస్తాయని అంటారు. వాటి వల్లనే గెలిచిన యుద్ధం ఏదైనా ఉందా?

జవాబు: వెనుక ఉంటాయనే మాటను ముందు సరిచేయవలసి ఉంది. 1941లో అబిసీనియాలో (నేటి ఇథియోపియా) సెకండ్ లెఫ్టినెంట్ ప్రేమీంద్ర సింగ్ భగత్ శత్రువును తరుముతున్న సేనకు ముందు నడుస్తూ, నాలుగు రోజుల్లో 55 మైళ్ల దారిలో పదిహేను మందుపాతర క్షేత్రాలను గుర్తించి తొలగింపజేశాడు. ఆయన వాహనం రెండుసార్లు పేలిపోయినా పని ఆపలేదు. అందుకు విక్టోరియా క్రాస్ లభించింది.

1948 ఏప్రిల్‌లో, పాకిస్తాన్‌తో జరిగిన జమ్మూ కశ్మీర్ యుద్ధంలో, నౌషేరా నుంచి రాజౌరీకి సాగే దారిలో బొంబాయి సాపర్లకు చెందిన సెకండ్ లెఫ్టినెంట్ రామ రఘోబా రాణే పని మొదలుపెట్టగానే మోర్టారు గుళ్లు పడి ఇద్దరు మరణించారు, ఆయనతో సహా అయిదుగురు గాయపడ్డారు. గాయంతోనే ఆయన ఒక ట్యాంకు కిందికి దూరి, దానితోపాటు పాకుతూ, లోపలి డ్రైవరుకు తాళ్లతో సైగలు చేస్తూ మందుపాతరలు తీసివేశాడు. దారిని అడ్డగించి కూల్చిన చెట్లను తొలగిస్తూ, తెగిపోయిన చోట్ల పక్కదారులు తవ్విస్తూ ట్యాంకులను ముందుకు నడిపించాడు. బతికుండగా పరమ వీర చక్ర పొందిన ఈ అధికారి ఆ రోజుల్లో చేసిన పనంతా బాట వేయడమే.

ఇక మీరడిగిన గెలుపుకు నా జవాబు, అదే యుద్ధంలో కశ్మీరు లోయ నుంచి లద్దాఖ్‌కు దాటే కనుమ జోజి లా. 1948 శరత్కాలానికి లద్దాఖ్‌కు వెళ్లే దారి శత్రువు చేతిలో ఉంది. దాదాపు 11,500 అడుగుల ఎత్తున ఉన్న ఆ కనుమను పదాతిదళంతో పట్టుకోవడానికి సెప్టెంబరులో చేసిన ప్రయత్నాలు ఫలించలేదు. ట్యాంకులు కావాలని జనరల్ తిమ్మయ్య నిర్ణయించాడు. కాని కనుమ దిగువనున్న బల్తాల్ నుంచి పైకి ఉన్నది కంచరగాడిదలు నడిచే బాట మాత్రమే. మద్రాసు సాపర్ల 13వ ఫీల్డ్ కంపెనీ మేజర్ తంగరాజు నాయకత్వంలో ఆ కొండచరియను చలిలో, కాల్పుల నడుమ పేల్చి, తవ్వి ట్యాంకు పట్టేంత వెడల్పు చేసింది. 7వ అశ్వికదళపు స్టూవర్ట్ ట్యాంకులను సంగతి బయటపడకుండా టరెట్లు (పైన ఫిరంగి ఉండే తిరుగుడు భాగాలు) విప్పి తరలించారు. నవంబరు 1న అంత ఎత్తులో ట్యాంకులను చూసిన శత్రువు నిలవలేకపోయాడు. ఆ నెలలోనే ద్రాస్, కార్గిల్ మన చేతికి వచ్చి లేహ్‌కు దారి తెరుచుకుంది. ట్యాంకులకు దక్కిన కీర్తి న్యాయమైనదే. అయితే ఆ బాట లేకపోతే అవి బల్తాల్ దాటేవి కావు కనుక, ఆ రోజు గెలుపులో మొదటి వాటా సాపర్లదేనని నా దృఢమైన అభిప్రాయం.

తుపాకీతో పోరాడటానికి కాక వైద్యం చేయడానికి వెళ్లిన దళాన్ని కూడా ఇక్కడ చెప్పాలి. లెఫ్టినెంట్ కర్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వంలో 60వ పారాచ్యూట్ ఫీల్డ్ అంబులెన్స్ 1950 చివరలో యుద్ధం జరుగుతున్న కొరియా చేరింది. ప్యాంగ్‌యాంగ్ నుంచి వెనుదిరిగేటప్పుడు తమ వైద్య సామగ్రిని వదిలిపెట్టవలసిన స్థితి వస్తే, వాళ్లు ఒక ఆవిరి ఇంజనును సంపాదించి, తామే నడుపుకొంటూ సామానంతటితో బయటపడ్డారు. 1951 మార్చిలో వారిలో ఒక చిన్న బృందం అమెరికన్ పారాచ్యూట్ సైనికులతో కలిసి మున్సాన్ దగ్గర విమానాల నుంచి దూకి, దిగిన చోటే క్షతగాత్రులకు చికిత్స చేసింది.

ప్రశ్న: మా తాతగారు రెండో ప్రపంచ యుద్ధంలో సాపరుగా పనిచేశారని ఇంట్లో చెబుతారు. కాగితాలేవీ లేవు, రెండు పతకాలు మాత్రం ఉన్నాయి. వివరాలు ఎలా తెలుసుకోవాలి?

జవాబు: ముందుగా పతకాలనే పరీక్షించండి. ఆ యుద్ధంలో బ్రిటిష్ సైనికులకు పేరు చెక్కకుండా పతకాలు ఇచ్చారు గాని, భారత సైనికులకు ఇచ్చినవాటి మీద సాధారణంగా నంబరు, పేరు, దళం చెక్కి ఉంటాయి. గుండ్రని పతకమైతే అంచు చుట్టూ, నక్షత్రాకారమైతే వెనుక వైపు చూడాలి. మెరుగు పెట్టించకండి, చెక్కిన అక్షరాలు అరిగిపోతాయి. ఎంత చిన్నదైనా ఆ సర్వీసు నంబరే అన్నిటికన్నా విలువైన ఆధారం, ఎందుకంటే ఒకే పేరుతో ఒకే గ్రూపులో అనేకమంది ఉండేవారు. నంబరు దొరికితే, దళం మద్రాసు సాపర్లని తేలితే బెంగళూరులోని ఆ గ్రూపు రికార్డుల కార్యాలయానికి, మీకు ఆయనతో గల బంధుత్వాన్ని తెలుపుతూ లేఖ రాయండి. పెన్షను పుస్తకం గాని, డిశ్చార్జి పత్రం గాని పాత పెట్టెల్లో ఉందేమో ఇంకొకసారి వెతికించండి. బంధువుల ఇళ్లలోనూ అడగండి. ఆయన పెద్దకుమారుని ఇంట ఇలాంటివి దొరికే అవకాశం ఎక్కువ.