అమ్మ వంట తినాలంటే మావారికి భయంగా ఉంది

ప్రశ్న: మాది తిరుపతి. మావారు నార్త్ కరొలైనాలో ఐదేళ్లు ఉద్యోగం చేసి పోయిన ఏడాది వచ్చేశారు. అక్కడ ఉండగానే ఉన్నట్టుండి మటన్ పడకుండా పోయింది. రక్తపరీక్ష చేస్తే ‘ఆల్ఫా-గాల్’ అలర్జీ అని తేలింది. తలకాయ కూర, బోటీ అంటే ప్రాణం పెట్టే మనిషి ఇప్పుడు పొట్టేలు మాంసం వద్దంటే మా అత్త నమ్మలేదు. ‘అమెరికా పోయొచ్చి నా వంటకు వంకలు పెడుతున్నాడు’ అని బాధపడేది. రెండు నెలల కిందట ఒక ఆదివారం రాత్రి, నాటుకోడి పులుసని చెప్పి అందులో మటన్ పులుసు కలిపి సంగటిలోకి పోసింది. ఒంటిగంటకు ఆయనకు ఒళ్లంతా దద్దుర్లు లేచి, పెదాలు వాచి, ఊపిరాడలేదు. ఆసుపత్రిలో ఇంజెక్షన్ ఇచ్చి కాపాడారు. అప్పట్నుంచి ఆయన వాళ్లమ్మ వంట ముట్టడం లేదు. బయట నుంచి ఇడ్లీ తెచ్చుకుని గదిలో తింటున్నారు. అత్త నాతో కూడా మాట్లాడటం మానేసింది. మా ఏడేళ్ల పాప ‘అవ్వ నాన్నకి విషం పెట్టిందా?’ అని అడుగుతోంది. మేలో గంగమ్మ జాతరకు పొట్టేలు మొక్కు ఉంది. నాకు ఒకటే టెన్షన్. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, తల్లీకొడుకుల మధ్య మాటలు కలపడం సంగతి తర్వాత చూద్దాం. ముందు మీవారి ప్రాణం సంగతి. పెదాలు వాచి ఊపిరి అందలేదంటే ఆ రాత్రి ఆయన చావు అంచుదాకా వెళ్లి వచ్చారు. కాబట్టి ఇంట్లో అందరూ ఒప్పుకుని తీరాల్సిన మాట ఒకటుంది. ఆయనకు చెప్పకుండా ఆయన కంచంలో ఏదీ వేయకూడదు. ‘ఒక్క ముక్కే కదా, చూద్దాం’ అని కూడా వద్దు. ఈ అలర్జీలో ఒకరోజు కొంచెం తింటే ఏమీ కాకపోవచ్చు, ఇంకోరోజు అంతే తింటే ఆసుపత్రి పాలు కావచ్చు. కొవ్వు ఎక్కువగా ఉన్న మాంసం, కిడ్నీల లాంటివి తింటే ఇంకా గట్టిగా వస్తుంది. తిన్న పూట మద్యం తాగినా, ఒళ్లు అలిసేలా పని చేసినా ముదురుతుంది. అందుకని ఒకసారి బాగానే ఉన్నాడు కదా అన్న ధైర్యం దీని విషయంలో పనికిరాదు.

మీ అత్త ఎందుకు నమ్మలేదో నాకు అర్థమవుతోంది. రొయ్యలో వేరుశనగో పడనివాళ్లకు తిన్న కాసేపటికే నోరు దురదపెడుతుంది, మొహం వాస్తుంది. పక్కనున్నవాళ్లు కళ్లారా చూస్తారు. ఇదేమో మాంసం తిన్న రెండు నుంచి ఆరు గంటల తర్వాత బయటపడుతుంది. ఆ ఆదివారాన్ని ఒకసారి ఆమె వైపు నుంచి చూడండి. కొడుకు సంగటి ముద్ద పులుసులో అద్దుకుని చాన్నాళ్లకు కడుపునిండా తిన్నాడు. చేయి కడుక్కుని టీవీ ముందు కూర్చున్నాడు. దద్దురు లేదు, దగ్గు లేదు. ‘అంతా వీడి భ్రమే, రేపు పొద్దున చెప్తాను’ అనుకుని ఆమె పడుకుని ఉంటుంది. ఒంటిగంటకు లేచి కొడుకు మొహం చూసినప్పుడు ఆ తల్లికి ఏమైపోయి ఉంటుందో ఆలోచించండి. ఆమె మాట్లాడకపోవడం మీకు పంతంలా కనిపిస్తోంది. నాకు మాత్రం అందులో సిగ్గు, భయమే ఎక్కువ కనిపిస్తున్నాయి. ఆమె చేసినదాన్ని నేను వెనకేసుకు రావడం లేదు. వద్దన్న మనిషికి అబద్ధం చెప్పి పెట్టడం చాలా పెద్ద తప్పు, ఆ మాట ఆమెతో ఎవరో ఒకరు సూటిగా చెప్పాలి. అయితే ఆ ఒకరు మీరు కావద్దు. కోడలి నోటి నుంచి వస్తే అది అత్తాకోడళ్ల తగాదాగా మారిపోతుంది.

అలర్జీ డాక్టర్ దగ్గరికి మీవారు ఈసారి వెళ్లేటప్పుడు వాళ్లమ్మను కూడా వెంట తీసుకెళ్లమనండి. తిరుపతిలోనే పెద్దాసుపత్రులున్నాయి, కావాలంటే వెల్లూరు ఎంతో దూరం లేదు. ఇంగ్లీషు రిపోర్టులు ఆమెకు చూపించి లాభం లేదు. డాక్టర్‌ను తెలుగులో పిడుదుల కథ చెప్పమని అడగండి. మన పల్లెల్లో ఆవులు, కుక్కల చెవుల సందుల్లో నెత్తురు తాగి ఉబ్బిన పిడుదును చూడని పెద్దవాళ్లు ఉండరు. అమెరికాలో లోన్ స్టార్ టిక్ అనే పిడుదు ఉంది, ఆడదానికి వీపు మీద తెల్లచుక్క ఉంటుంది. నార్త్ కరొలైనా వైపు గడ్డిలో, పొదల్లో దండిగా ఉంటుంది. అది కుట్టినప్పుడు దాని ఉమ్మితో పాటు ఆల్ఫా-గాల్ అనే ఒక రకం చక్కెర మనిషి ఒంట్లోకి పోతుంది. మేక, గొర్రె, ఆవు, పంది మాంసంలోనూ అదే చక్కెర ఉంటుంది. మనిషి ఒంట్లో ఉండదు. పిడుదు కాటు తర్వాత కొందరి ఒళ్లు దాన్ని శత్రువు కింద గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాత మటన్ తింటే దాని మీద తిరగబడొచ్చు. కోడి, చేప, గుడ్డులో అది లేదు కాబట్టి వాటితో ఇబ్బంది రాదు.

అమెరికా సోకు అని ఆమె ఇంకా అంటే ఈ సంగతి కూడా చెప్పొచ్చు. ఈ అలర్జీ మీద పరిశోధన చేసిన డాక్టర్ థామస్ ప్లాట్స్-మిల్స్‌కు కూడా ఇది వచ్చింది. 2007లో ఆయన కొండల్లో నడవడానికి వెళ్తే పిడుదులు కుట్టాయి. తర్వాత ఒక రాత్రి గొర్రె మాంసం తిని పడుకుని, కొన్ని గంటలకు ఒళ్లంతా దద్దుర్లతో లేచాడు. 2010 నుంచి అమెరికాలో 4.5 లక్షల మంది దాకా దీని బారిన పడి ఉండొచ్చని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2023లో అంచనా వేసింది.

ఇంట్లో మటన్ పూర్తిగా మానేయమని నేను చెప్పను. అలా చేస్తే మీ మామ, మిగతావాళ్లు లోలోపల మీవారినే తప్పుపడతారు. మటన్ వండే రోజు ఆయన కూర ముందు వండి, మూతపెట్టి, పక్కన పెట్టండి. ఆయనకంటూ ఒక గిన్నె, ఒక గరిటె విడిగా ఉండాలి. చాలా ఇళ్లలో జరిగే పొరపాటు గరిటె దగ్గరే. మటన్ కలిపిన గరిటెనే అలవాటుగా పప్పులో పెట్టేస్తాం. ముక్కలు వేయించిన నూనెలోనే ఇంకోటి వేయిస్తాం. ఎముకల రసం మిగిలిందని చారులో కలుపుతాం. ఇవేవీ కుదరవు. హోటల్లో చికెన్ బిర్యానీ తినేటప్పుడు కూడా మటన్ బిర్యానీ గరిటె, దాని మసాలా అందులో పడ్డాయేమో అడగాలి. పాలు, పెరుగు ఇన్నాళ్లూ పడుతున్నాయంటే మానక్కర్లేదు, కొందరికి మాత్రం అవి కూడా పడవు. మందుల క్యాప్సూల్ పెంకుల్లో వాడే జెలటిన్ పశువుల నుంచి తీసేదే. కాబట్టి ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా, ముఖ్యంగా ఆపరేషన్ అంటే, ఈ అలర్జీ సంగతి ముందే చెప్పాలి.

మళ్లీ ఊపిరాడకపోయినా, కళ్లు తిరిగి పడిపోయేలా ఉన్నా వెంటనే 108కి ఫోన్ చేయండి. సిట్రిజిన్ మాత్ర దురద తగ్గిస్తుందేమో గానీ ప్రాణం నిలపదు. ఆ సమయంలో కావాల్సింది అడ్రినలిన్ ఇంజెక్షన్. అది ఇంట్లో పెట్టుకోవాలా, ఎవరు ఎలా వేయాలి అన్నది డాక్టర్‌ను అడిగి మీరూ మీ మామా ఇద్దరూ నేర్చుకోండి. అర్ధరాత్రి కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు మాత్రమే వచ్చినా అజీర్తి అని తోసేయొద్దు, ఈ అలర్జీ అలా కూడా వస్తుంది. మళ్లీ మళ్లీ పిడుదులు కుడితే అలర్జీ తగ్గడానికి ఆలస్యమవుతుంది. కాబట్టి గొడ్ల దగ్గరికి, పొదల్లోకి వెళ్లినప్పుడు నిండుగా బట్టలు వేసుకోమనండి, వచ్చాక ఒళ్లు చూసుకోమనండి.

ఇక మీవారి గురించి. ఆయన కోపంలో న్యాయం ఉంది. ఆయన పోగొట్టుకున్నది కూడా చిన్నది కాదు. ఆదివారం పూట తలకాయ కూర చుట్టూ ఇంటిల్లిపాదీ కూర్చునే సందడిలోంచి ఆయన ఒక్కడే లేచి వెళ్లాల్సి వచ్చింది. అయినా రెండు నెలలుగా గదిలో ఇడ్లీ తినడం ఆయన ప్రాణాన్ని ఎంత కాపాడుతోందో ఇంటిని అంత విడగొడుతోంది. నా మాటగా ఆయనకు చెప్పండి. వారానికి ఒక్కరోజు, ఆయనే కోడి కోయించి తెచ్చి, వంటింట్లో పక్కన నిలబడి వాళ్లమ్మ చేత వండించుకోవాలి. ఎదురుగా వండింది కాబట్టి భయం ఉండదు. మొదటి రోజు గొంతు దిగకపోయినా ఫర్వాలేదు. ఆమె నుంచి మాత్రం ఒక్క మాట రావాలి, ‘ఇంకెప్పుడూ నీకు చెప్పకుండా పెట్టను నాయనా’ అని. కాళ్లావేళ్లా పడాల్సిన పని లేదు. ఆ మాట ఆమె నోట అనిపించే బాధ్యత మీ మామకు అప్పగించండి. మధ్యలో నలిగింది చాలు, మీరు పక్కకు జరగండి.

పాప అడిగినదాన్ని దాటేయకండి. ‘విషం కాదమ్మా, నాన్న ఒంటికి మటన్ పడదు. అవ్వకు ఆ సంగతి అర్థం కాలేదు, ఇప్పుడు అర్థమైంది’ అని చెప్పండి. అదే మాట అవ్వ ముందు కూడా పాపతో అనండి.

జాతర మొక్కు ఆపక్కర్లేదు. మొక్కు అమ్మవారిది, ఇంట్లో ప్రతి మనిషీ ఆ మాంసం తినాలన్న నియమం లేదు. గంగమ్మకు అంబలి పోయించడం, పొంగళ్లు పెట్టడం కూడా మొక్కులే. మీవారికి ఇష్టమైతే బైరాగి వేషం కట్టి అమ్మవారి దగ్గరికి వెళ్లొచ్చు. ఆ రోజు ఇల్లంతా చుట్టాలుంటారు. ‘ఒక్క ముక్క తిను, గంగమ్మ చూసుకుంటుంది’ అని ఎవరో ఒకరు అనకమానరు. దానికి మీవారు గానీ మీరు గానీ జవాబు చెప్పొద్దు. ‘మా వాడికి పడదు, వాడి కంచంలో వేయొద్దు’ అని మీ అత్తే అందరి ముందూ చెప్పాలి. ఆ పని ఆమెదేనని జాతరకు వారం ముందే మీ మామతో చెప్పించండి.