మూసీని ‘పునరుజ్జీవిస్తారా’?

సందేహం: మా దగ్గర ఒక సభ బ్యానర్ మీద ‘మూసీని పునరుజ్జీవిద్దాం’ అని రాశారు. ‘పునరుద్ధరిద్దాం’ ఒప్పయితే ఇదీ ఒప్పే కదా? బతికించడానికీ దీనికీ తేడా ఏమిటి?
– ఒక పాఠకుడు, చిక్కడపల్లి, హైదరాబాద్

సమాధానం: ఒప్పు కాదు. ‘ఉద్ధరించు’ సకర్మకం (‘దేన్ని?’ అనే ప్రశ్నకు జవాబు, అంటే కర్మ, ఉండే క్రియ), ‘ఉజ్జీవించు’ అకర్మకం (కర్మ లేని క్రియ). రెంటికీ ముందు ‘పునర్’, వెనక ‘ఇంచు’ ఉండేసరికి ఒకే అచ్చులో పోసినట్టు కనిపిస్తాయి.

చిక్కంతా ఈ ‘ఇంచు’తోనే. తెలుగు ధాతువుకు (క్రియ మూలరూపానికి) చేరితే ప్రేరణార్థం, అంటే ఆ పని జరిగేలా చేయడమనే అర్థం వస్తుంది: పలుకు–పలికించు, బతుకు–బతికించు. (నడిమి ఉకారం ఇకారమవుతుంది, ‘బతుకించు’ తప్పు. మన హైదరాబాదు నోట ‘బతికిచ్చిండు’ అన్నా పని అదే.) సంస్కృత ధాతువుకు చేరితే దాన్ని తెలుగు క్రియగా మార్చి ఊరుకుంటుంది. కర్మ ఉంటుందా లేదా అన్నది ధాతువును బట్టే. రక్షించుకు ఉంది, జీవించుకు లేదు. అందుకే జీవించు అంటే బతుకు, అంతే. బతికించాలంటే ‘చేయు’ తోడవ్వాలి: జీవింపజేయు, పునరుజ్జీవింపజేయు.

అనుమానమొస్తే తెలుగు మాట పెట్టి చూడండి. ‘మూసీని మళ్లీ బతుకుదాం’ అని ఎవరూ అనరు. ‘మూసీ పునరుజ్జీవించాలి’, ‘మూసీని పునరుజ్జీవింపజేద్దాం’ సరైనవి. నోరు తిరగని ఆ రెండోది బ్యానర్‌కెందుకు? ‘మూసీని మళ్లీ బతికిద్దాం’ చాలు. ‘ప్రాణం పోయు’ కూడా బాగుంటుంది గానీ అచ్చుతప్పు జాగ్రత్త: ‘ప్రాణం పోసింది’ పోయు ధాతువు, ‘ప్రాణం పోయింది’ పోవు ధాతువు. ఒక్క అక్షరంతో మూసీ పని అయిపోతుంది!

ఇక రాత సంగతి. ఉజ్జీవించు అంటే ఉత్+జీవించు. ‘ఉత్’లోని తకారం జకారం ముందు జకారమవుతుంది (సత్+జనుడు=సజ్జనుడు లాగే), కనుక జ్జ వదలకూడదు. ఉత్+హరణలో హకారం ధకారమై ‘ఉద్ధరణ’ అవుతుంది. ‘పునరుద్దరణ’ అని రాయడం తప్పు.

ఇక అర్థం. బన్సీలాల్‌పేట మెట్లబావిలో చెత్త తీసి, మెట్లు బాగుచేసి 2022లో తిరిగి తెరిచారు. కట్టడం మాటైతే పునరుద్ధరించారు. నీటి మాటైతే బావి పునరుజ్జీవించింది. పునరుజ్జీవనానికి ముందు ప్రాణం పోయి ఉండాలి, కనీసం పోయినట్టు ఉండాలి. బతికించడానికి ఆ నియమం లేదు. డాక్టరు బతికించేది కొనఊపిరితో ఉన్నవాణ్ణి. శుక్రాచార్యుడు సంజీవనీ విద్యతో బతికించింది చచ్చిన కచుణ్ణి. రెండు చోట్లా మాట ఒకటే.