పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు: టైషా కథ తెరమీద ఎక్కడ తప్పిపోయింది?

గత సంచికలో ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ టీవీ ధారావాహిక గురించి ఒక పాఠకుడు అడిగిన ప్రశ్నకు రెండు వాక్యాల్లో జవాబిచ్చి ఊరుకున్నందుకు చాలామంది మమ్మల్ని మందలిస్తూ ఉత్తరాలు రాశారు. ఆ మందలింపు న్యాయమైనదే కనుక ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ కథకూ దానికి మూలమైన నవలలకూ కేటాయిస్తున్నాం. కథ ఇంకా చదవనివారూ చూడనివారూ ఈ పుట దాటేయటం మంచిది, ఎందుకంటే ఎవరు ఎప్పుడు చనిపోతారో చెప్పకుండా ఈ ప్రశ్నలకు జవాబు చెప్పటం సాధ్యం కాదు.

ప్రశ్న: మా అబ్బాయి సెలవులకు వచ్చి ఈ నవలలన్నీ నా చేతిలో పెట్టి వెళ్ళాడు. టీవీలో కథంతా చూశాను. తెలిసిన భాగం వదిలేసి, తెలియని చోటు నుంచి చదవవచ్చా?
— విశ్రాంత ఉపాధ్యాయిని, ఏలూరు

జవాబు: వద్దమ్మా, మొదటి నుంచే చదవండి. జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ ‘ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్’ మొదటి నవల 1996లో వచ్చింది. తర్వాతివి 1998, 2000, 2005, 2011 సంవత్సరాల్లో వచ్చాయి. టీవీ మొదటి సీజన్ మొదటి నవలను దాదాపు అడుగులో అడుగు వేసి అనుసరించింది. రెండో సీజన్ రెండో నవలను కాస్త స్వేచ్ఛగా తీసుకుంది. మూడో నవల మిక్కిలి పెద్దది కావటంతో మూడు, నాలుగు సీజన్లలో పరచుకుంది. ఆ తర్వాత దారులు వేరయ్యాయి. నాలుగో నవల తెరవగానే మీకు ఒక చిక్కు ఎదురవుతుంది: ముఖ్య పాత్రలైన టిరియన్, జాన్ స్నో, డెనేరిస్ ముగ్గురికీ అందులో అధ్యాయాలే ఉండవు. ఒకే కాలంలో జరిగే కథను రచయిత మనుషుల వారీగా రెండు సంపుటాలుగా విడగొట్టి, వారి వంతును ఐదో నవలకు దాచాడు. పుటలు చిరిగిపోయాయేమోనని అబ్బాయికి ఫోన్ చేయకండి.

ప్రశ్న: నవలలోనూ టీవీలోనూ టిరియన్ తన తండ్రిని చంపుతాడు కనుక రెండూ ఒకటేనని మావారు వాదిస్తున్నారు. ఒకటి కాదని నాకు అనిపిస్తుంది గాని ఎందుకు కాదో చెప్పలేకపోతున్నాను.
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీకు అనిపించిందే నిజం. మీవారు చూసింది జరిగిన పనిని. మీకు తోచింది ఆ పని వెనుక ఉన్న కారణం.

ఈ నవలల్లో దాదాపు ప్రతి అధ్యాయానికీ ఒక మనిషి పేరే శీర్షికగా ఉంటుంది, ఆ అధ్యాయంలో మనం ఆ ఒక్క మనిషి మనసులోంచే లోకాన్ని చూస్తాం. తొలి పలుకును మినహాయిస్తే మొదటి నవల మొత్తం ఎనిమిది మంది మనసుల్లోనే నడుస్తుంది. కెమెరా ముఖాన్ని చూపగలదు గాని ఆ ముఖం వెనుక పదేళ్ళుగా సలుపుతున్న మాటను చూపలేదు. ఆ మాటను ఎవరిచేతనైనా పైకి అనిపించాలి, లేదా వదిలేయాలి. టిరియన్ విషయంలో వదిలేశారు.

టిరియన్ పదమూడేళ్ళ వయసులో టైషా అనే అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. దుండగులు తరుముతుండగా ఆమెను కాపాడింది అతనూ, అన్న జేమీ కలిసి. పక్షం రోజులు తిరక్కముందే సంగతి తండ్రి టైవిన్‌కు తెలిసింది. ఆమె వేశ్య అనీ, తమ్ముడి కోసం తానే డబ్బిచ్చి తెచ్చాననీ జేమీ చేత చెప్పించి, ఆ పిల్లను తన సైనికులకు అప్పగించి, కొడుకు చేత అదంతా చూయించాడు. ఇంతవరకు టీవీలో కూడా వస్తుంది. మొదటి సీజన్ తొమ్మిదో భాగంలో టిరియన్ తన గుడారంలో ఈ కథను స్వయంగా చెబుతాడు. అయితే మూడో నవల చివర, మరణశిక్ష పడి చెరసాలలో ఉన్న తమ్ముణ్ణి విడిపిస్తున్న రాత్రి, జేమీ అసలు నిజం ఒప్పుకుంటాడు: టైషా వేశ్య కాదు, పేదరైతు కూతురు, టిరియన్‌ను నిజంగానే ప్రేమించింది, తండ్రి ఆజ్ఞ మేరకు తాను అబద్ధమాడాడు. టిరియన్ తండ్రి గదికి వెళ్ళేది ఈ నిజాన్ని గుండెలో మోసుకునే. అక్కడ అతడు అడిగేది, టైషా ఎక్కడుందని. తండ్రి జవాబులో ఆ పాత నిందే మళ్ళీ వినపడటంతో బాణం వదులుతాడు.

2014లో ప్రసారమైన నాలుగో సీజన్ చివరి భాగంలో ఈ ఒప్పుకోలు లేదు. అన్నదమ్ములు ఆలింగనం చేసుకుని విడిపోతారు, తండ్రి నోట వచ్చే ఆ నింద టిరియన్ ప్రియురాలు షే మీదికి పోతుంది. బాణం అదే, చచ్చినవాడూ అతడే. కానీ నవలలో అది ఒక అమాయకురాలి జీవితం బుగ్గిచేసినందుకు విధించిన శిక్ష. తెరమీద అది మరణశిక్ష పడ్డ కొడుకు కోపంగా మాత్రమే మిగిలింది.

ఇక్కడితో ఆగితే అంత పట్టించుకోనక్కర్లేదు. నవలలో ఆ రాత్రి అన్నదమ్ములు శత్రువులై విడిపోతారు. సెర్సీ వాళ్ళ అక్క, జేమీకి కవల, రహస్యంగా అతని ప్రియురాలు కూడా. అన్నను గాయపరచాలని టిరియన్, సెర్సీకి ఉన్న ఇతర ప్రియుల పేర్లు వరసగా చెప్పి పోతాడు. ఆ మాట జేమీ మనసులో విషంలా పాకి, నాలుగో నవల చివర, తనను కాపాడటానికి రమ్మని సెర్సీ రాసిన ఉత్తరాన్ని అతని చేత నిప్పుల్లో వేయిస్తుంది. టీవీలో ఆ విషబీజం పడనే లేదు. అందుకే చివరి సీజన్‌లో జేమీ మళ్ళీ సెర్సీ దగ్గరికి పరుగెత్తి ఆమెతోపాటే చనిపోతే, ఎన్ని సీజన్ల మార్పు వృథా అయిందని జనం నొచ్చుకున్నారు. నా దృష్టిలో ఆ తప్పు 2019లో జరగలేదు. ఐదేళ్ళ ముందు చెరసాల మెట్ల మీద జరిగింది.

రాబ్ స్టార్క్ పెళ్ళిని కూడా మీవారి ముందు పెట్టండి. ఇంకో వంశపు పిల్లను చేసుకుంటానని మాటిచ్చిన రాజు అతడు. టీవీలో ప్రేమించి ఆ మాట తప్పుతాడు. నవలలో గాయపడి, తమ్ముళ్ళు చనిపోయారన్న కబురు విన్న రాత్రి ఒక అమ్మాయితో గడిపి, ఆమె పరువు కాపాడటానికి మర్నాడే పెళ్ళాడతాడు. పరువుకు ప్రాణమిచ్చిన తండ్రికి కొడుకు కనుకనే అతడు చెడిపోయాడు. మాట తప్పినందుకు ఆ వంశంవారు చేసిన ఊచకోత రెండు చోట్లా జరిగినా, గుండె కలుక్కుమనే కారణం ఒక్కచోటే ఉంది.

ప్రశ్న: రచయితే దగ్గరుండి స్క్రీన్‌ప్లే రాసుకుని ఉంటే ఈ మార్పులు జరిగేవి కావు కదా?
— ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: మొదటి నాలుగు సీజన్లలో ఏడాదికొక భాగాన్ని మార్టినే రాశాడు. రెండో సీజన్‌లో వచ్చిన బ్లాక్‌వాటర్ యుద్ధం అందులో ఒకటి. నవలలో ఆ యుద్ధానికి ఆయువుపట్టు, నది ముఖద్వారానికి అడ్డంగా టిరియన్ కమ్మరుల చేత నెలల తరబడి చేయించిన పెద్ద ఇనుప గొలుసు. శత్రునౌకలు లోపలికి రాగానే దాన్ని పైకెత్తి వెనుదారి మూసేస్తారు. రచయిత చేత్తో రాసిన ఆ టీవీ భాగంలోనే గొలుసు లేదు. ఆయన 1980లలో టీవీకి రాసిన మనిషి, తన స్క్రిప్టులు ఎప్పుడూ ఖర్చుకు మించిపోతున్నాయన్న విసుగుతోనే, ఎవరూ తీయలేనంత పెద్ద కథను నవలగా రాయటానికి పూనుకున్నాడు. అందువల్ల గొలుసు పోయిందని నేను బాధపడను. గొలుసు ఖరీదైనది. జేమీ ఒప్పుకోలుకు మాత్రం ఇద్దరు నటులూ నాలుగు వాక్యాలూ చాలు.

ప్రశ్న: నవలలో రాబ్ తల్లి కాట్లిన్ చనిపోయాక మళ్ళీ లేస్తుందట, నిజమేనా?
— గృహిణి, నల్గొండ

జవాబు: నిజమే. మూడో నవల చివరి పుటల్లో, కోసిన గొంతుతో, జాలి అన్నది చచ్చిపోయిన మనిషిగా కనిపిస్తుంది. టీవీవారు ఆమెను పూర్తిగా వదిలేశారు.

ప్రశ్న: టీవీలో చూసిన ముగింపే నవలలకూ ముగింపా? ఆరో పుస్తకం రాకపోతే ఇంకెవరైనా పూర్తి చేస్తారా?
— ఒక పాఠకుడు, డాలస్ (అమెరికా)

జవాబు: నిర్మాతలు డేవిడ్ బెనియాఫ్, డి. బి. వైస్ 2013లో మార్టిన్ ఇంటికి వెళ్ళి ముఖ్య పాత్రల గమ్యాలు అడిగి తెలుసుకున్నారు. కనుక గమ్యాలు కొన్ని ఆయనవే, దారి మాత్రం వారిది. ఏడో సీజన్‌లో ఏడు, ఎనిమిదో సీజన్‌లో ఆరు భాగాలకు కుదించటంతో ఆ దారి పరుగుపందెమైంది. డెనేరిస్ ఒక నగరాన్ని కాల్చటం రచయిత ఆలోచనో కాదో తెలియదు గాని, ఆమె మనసులో కూర్చుని చదివే అధ్యాయాలు లేకుండా చూసిన మనకు అది ఉన్నట్టుండి వచ్చిన పిచ్చిగా కనిపించింది.

రెండో మాటకు వస్తే, నన్నయ అరణ్యపర్వం నడుమ ఆపిన భారతాన్ని తిక్కన విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు, మధ్యలో మిగిలినదాన్ని ఎర్రన పూరించాడు. ఆ ముగ్గురికీ వెనుక వ్యాసుడి మూలం ఉంది. ఈ కథకు మూలం ఒకే మనిషి తలలో ఉంది, తన లోకంలో ఇతరులు కలం పెట్టటం ఆయనకు ఇష్టం లేదు. ఎదురుచూడటం తప్ప ఉపాయం లేదు.

ప్రశ్న: ఈ కథకు పూర్వకథగా వచ్చిన టీవీ ధారావాహిక ‘హౌస్ ఆఫ్ ది డ్రాగన్’ విషయంలోనూ ఇదే గొడవ ఉందా?
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అక్కడ లెక్క తిరగబడింది. దాని మూలమైన ‘ఫైర్ అండ్ బ్లడ్’ 2018లో వచ్చింది. అది నవల కాదు, ఒక పండితుడు రాసిన రాజవంశ చరిత్రలాగా సాగే పుస్తకం. ఒకే సంఘటనను ఒక పూజారి ఒక విధంగా, ఆస్థాన విదూషకుడు మరో విధంగా చెబుతారు. ఎవరి మనసూ మనకు తెరుచుకోదు, కనుక కారణాలు కల్పించే పని టీవీవారిదే. రాకుమారుడు లూసెరిస్ చావు చూడండి: గ్రంథంలో అతని మేనమామ ఏమండ్ కావాలనే వెంటాడి చంపుతాడు; తెరమీద డ్రాగన్ అతని అదుపు తప్పి చంపేస్తుంది, ఏమండ్ ముఖంలో భయం కనిపిస్తుంది. ఈ మార్పు నాకు నచ్చింది. అయితే రెండో సీజన్‌లో మేలోర్ అనే పసివాణ్ణి తీసేసినందుకు మార్టిన్ 2024లో బహిరంగంగానే అసంతృప్తి తెలిపాడు. చిన్న పాత్రే కదా అని తీసేస్తే, దాని మీద ఆధారపడ్డ తర్వాతి సంఘటనలకు కారణం ఉండదన్నది ఆయన అభ్యంతరం. టైషా సంగతి తెలిసిన హనుమకొండ పాఠకురాలికి ఆ బాధ వెంటనే అర్థమవుతుంది.