పౌండు పెరిగే దాకా అప్పు మీద బండి నడపవద్దు

ప్రశ్న (ఏప్రిల్ 2019): లండన్‌లో టైర్ 2 వీసాపై (ఉద్యోగమిచ్చే సంస్థ స్పాన్సర్ చేసే వీసా) సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. బ్రెగ్జిట్ (యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ వైదొలగడం) ఒక కొలిక్కి వస్తే పౌండు పెరుగుతుందన్న ఆశతో ఇక్కడి పొదుపును కదపకుండా, హైదరాబాద్‌లో కొన్న ఫ్లాటు వాయిదాలను తమ్ముడి పేరుతో 14 శాతం వడ్డీకి తీసుకున్న పర్సనల్ లోనుతో కడుతున్నాను. ఏప్రిల్ 1న బ్రిటన్ పార్లమెంటులో కస్టమ్స్ యూనియన్ ప్రతిపాదన (వైదొలగాక కూడా యూరప్‌తో ఉమ్మడి సుంకాల ఏర్పాటు) మూడు ఓట్ల తేడాతోనే ఓడింది కాబట్టి మరికొన్నాళ్లు ఆగవచ్చా?

జవాబు: ఆగకూడదు. పార్లమెంటు ఓట్ల లెక్కను మారకపు రేటుకు జోస్యంగా చదువుకుని, ఆ జోస్యం మీద అప్పు చేయడం బ్రిటన్‌లోని మనవాళ్లలో చాలామంది చేస్తున్న పొరపాటు. బ్రెగ్జిట్‌ను ఎలా ముగించాలన్న దానిపై మార్చి 27న ఎనిమిది ప్రతిపాదనలకు, ఏప్రిల్ 1న నాలుగింటికి ఓటింగ్ జరిగితే ఒక్కదానికీ మెజారిటీ రాలేదు. కస్టమ్స్ యూనియన్ 273-276తో, అన్నింటికన్నా ఎక్కువ మద్దతు పొందిన మలి రిఫరెండం (మళ్లీ ప్రజల ఓటు) 280-292తో వీగిపోయాయి. ఒకవేళ నెగ్గినా, ఆ ఓట్లకు ప్రభుత్వం కట్టుబడి తీరాలన్న నియమమేమీ లేదు.

పౌండు ఈ ఏప్రిల్‌లో (2019) సుమారు 90 రూపాయలు. ఏడాది వడ్డీ గిట్టుబాటు కావాలంటేనే అది 102 దాటాలి. బ్రెగ్జిట్‌కు ప్రజలు ఓటేసిన 2016 రిఫరెండానికి ముందు రోజుల్లో కూడా అది 100 దగ్గరే ఉండేది. మబ్బుల్లో నీళ్లు చూసి ముంతలో నీళ్లు పారబోసుకోవడం ఇదే, పైగా ఆ ముంత మీ తమ్ముడిది.

అంతకన్నా నన్ను కలవరపెట్టిన విషయం, మీ ఉత్తరంలో అత్యవసర నిధి ఊసే లేకపోవడం. మీ వీసాపై ఉన్నవారు ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల్లోగా కొత్త స్పాన్సర్‌ను చూసుకోవాలి, లేదా దేశం విడిచి వెళ్లాలి. అక్కడి ప్రభుత్వ సంక్షేమ భృతుల్లో చాలావాటికి మీరు అర్హులు కారు. ఆ రెండు నెలల అద్దె, కుటుంబానికి విమాన టికెట్లు, ఇండియాలో మళ్లీ ఉద్యోగం దొరికే వరకు ఇంటి ఖర్చు, ఆగని ఫ్లాటు వాయిదా, ఇవన్నీ ఎక్కడి నుంచి వస్తాయి? కాబట్టి ముందుగా ఆరు నెలల ఖర్చును, వాయిదాలతో కలిపి, ఎప్పుడంటే అప్పుడు తీసుకోగల ఖాతాలో పౌండ్లలోనే పక్కన పెట్టండి. దీనిని ఏ రేటు వచ్చినా ముట్టుకోకూడదు.

మిగిలినదంతా ఈ నెలలోనే పంపి లోను తీర్చండి. సరిపోకపోతే ప్రతి జీతం నుంచి కొంత పంపుతూ, ఫ్లాటు వాయిదాలను కూడా ఇకపై జీతం నుంచే కట్టండి. ఫార్వర్డ్ కాంట్రాక్టుల (రేటును ముందే ఖాయం చేసుకునే ఒప్పందాలు) జోలికి ఇప్పుడు వెళ్లనవసరం లేదు, కొత్త సిప్‌లు (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టుబడి) అప్పు తీరాక చూడవచ్చు. లోను ముందుగా మూసివేయడానికి బ్యాంకు ఎంత చార్జీ వసూలు చేస్తుందో మీ తమ్ముడిని ఈ వారంలోనే లిఖితపూర్వకంగా అడిగి తెలుసుకోమనండి.