జగ్లింగ్‌ని తెలుగులో ఏమంటారు? గారడీ అంటే సరిపోతుందా?

‘నిఘంటువులో జగ్లింగ్ అంటే గారడీ అని ఉంది. మరి ఇల్లు, ఆఫీసు రెండూ జగ్లింగ్ చేస్తున్నాను అనాలంటే తెలుగులో ఎలా?’ అని అడిగారు. జగ్లింగ్ అంటే అసలు బంతుల్ని కింద పడనివ్వకుండా ఒకదాని తర్వాత ఒకటి ఎగరేసి పట్టడం. ఈ మాట దగ్గర నేనొకసారి బోర్లాపడ్డాను కాబట్టి చెబుతున్నాను.

అప్పుడు పత్రికలో సబ్ ఎడిటర్‌గా చేరిన కొత్త. ఉద్యోగం చేసే ఆడవాళ్ళ గురించి ఇంగ్లిష్‌లో వచ్చిన కథనాన్ని అనువాదానికిచ్చారు. నిఘంటువు చూసి మరీ ‘ఇంటినీ ఆఫీసునూ గారడీ చేస్తున్న మహిళలు’ అని హెడ్డింగ్ పెట్టాను. మా చీఫ్ సబ్ ఆ కాగితం తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, ‘ఏమ్మా, వీళ్ళు ఎవర్ని మోసం చేస్తున్నారు?’ అన్నారు.

నిజమే కదా. గారడీ అనగానే మనకి మోసం వాసన వస్తుంది. మాటల గారడీ, బడ్జెట్ రోజున ప్రతిపక్షం తప్పకుండా అనే అంకెల గారడీ, అన్నీ అలాంటివే. పాము విషం విరిచే గారుడ మంత్రం నుంచి, అంటే గరుత్మంతుడి పేరు నుంచి వచ్చిన మాట ఇది. చివరికి వీధిలో డమరుకం వాయించే గారడీవాడి దగ్గర ఆగింది. కనికట్టూ అంతే, కన్ను కట్టేయడం.

ఇంగ్లిష్‌లో జగ్లింగ్ కథ కూడా వేరేం కాదు. దాని మూలం లాటిన్‌లో హాస్యమాడటం, జోక్ అనే మాటకీ వేరు అదే. ముందు నవ్వించేవాడు, తర్వాత కనికట్టు చేసేవాడు, బంతులు ఎగరేసేవాడు ఆ తర్వాతే. 19వ శతాబ్దం మొదట్లో మన దేశం నుంచి లండన్ వెళ్ళి పేరు తెచ్చుకున్న రామో సామీ (రామస్వామే అయ్యుంటాడు) కత్తులు మింగేవాడు, బంతులూ ఎగరేసేవాడు. అక్కడివాళ్ళు అన్నిటికీ కలిపి జగ్లర్ అనేశారు. ఇప్పటికీ లెక్కల్ని జగ్లింగ్ చేశారంటే తారుమారు చేశారనే. అక్కడ మాత్రం గారడీ అని ధైర్యంగా రాయొచ్చు.

బంతులాటకి మనకి సరైన ఒక్క మాట లేదు, జగ్లింగ్ అనే రాస్తాను. దగ్గరి చుట్టం అంటే అచ్చనగిల్లలే. మా అమ్మమ్మ ఒక రాయి పైకి ఎగరేసి, అది దిగేలోపు కింద ఉన్న నాలుగూ ఊడ్చేసి, దాన్ని కూడా అదే చేత్తో పట్టేది. కళ్ళు ఎప్పుడూ పైనున్న రాయి మీదే. మొన్న మా అక్క కొడుకు మూడు నిమ్మకాయలతో జగ్లింగ్ నేర్పిస్తానని నన్ను మంచం ముందు నిలబెట్టాడు. కింద పడితే పరుపు మీద పడతాయని. మొదటిది పైదాకా వెళ్ళి కిందికి తిరిగే క్షణంలో రెండోది వదలాలి, అది తిరిగేటప్పుడు మూడోది. నిమ్మకాయలు గాల్లో పడుకోబెట్టిన 8 అంకెలా తిరుగుతాయి. నావి తిరగలేదనుకోండి. ‘పట్టుకోవడం గురించి ఆలోచించకు పిన్నీ, సరిగ్గా విసురు, అదే వచ్చి చేతిలో పడుతుంది’ అన్నాడు.

క్రికెట్‌లో అయితే ఈ మాట అందరికీ తెలుసు. 2024 టీ20 ప్రపంచ కప్ ఫైనల్ చివరి ఓవర్లో మిల్లర్ కొట్టిన బంతిని సూర్యకుమార్ యాదవ్ బౌండరీ దగ్గర పట్టి, గీత దాటబోతూ పైకి ఎగరేసి, మళ్ళీ లోపలికి వచ్చి అందుకున్నాడే, అదన్నమాట.

ఇక మీ అసలు ప్రశ్న. ఇల్లు, ఆఫీసు అన్నప్పుడు మన ఇళ్ళల్లో ఎప్పటినుంచో ఉన్న మాట అష్టావధానం. ‘పొద్దున్నే అష్టావధానం చేస్తున్నా, నన్ను కదిలించకు’ అంటాం కదా, అదే. చీఫ్ సబ్ కూడా నా హెడ్డింగ్ కొట్టేసి ‘ఇల్లాలి అష్టావధానం’ అని రాశారు. అసలు అష్టావధానంలో పద్యాలు చెప్పే అవధాని చుట్టూ ప్రశ్నలడిగే పృచ్ఛకులు ఎనిమిది మంది కూర్చుని ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు అక్షరాలు నిషేధిస్తారు, మధ్యమధ్య ఒకరు గంట కొడుతుంటే లెక్క పెట్టుకోవాలి, ఇంకొకరు సంబంధం లేని ప్రశ్నలు వేస్తుంటారు. మా వంటింట్లో ఘంటాగణనం కుక్కర్ విజిల్స్. అప్రస్తుత ప్రసంగం మా ఆయనది: ‘నా కళ్ళజోడు ఎక్కడ పెట్టావ్?’

మామూలు వాక్యంలో అయితే ‘రెండూ నెట్టుకొస్తున్నాను’ అన్నా చాలు. కాస్త నీరసంగా వినిపిస్తుంది గానీ చాలామందికి నిజం అదే.

డబ్బు సంగతి వేరు. ఒక కార్డు బిల్లు ఇంకో కార్డుతో కట్టడం, పాడిన చీటీ డబ్బుతో పాత అప్పు తీర్చడం కూడా జగ్లింగే. ఎదుటివాడు చేస్తే ‘వాడి టోపీ వీడికి, వీడి టోపీ వాడికి’ అంటాం. మా వీధి చివర కిరాణా కొట్టాయన్ని వ్యాపారం ఎలా ఉందని అడిగితే, ‘ఏదో రొటేషన్‌లో నడుస్తోందమ్మా’ అంటాడు.