బట్టలు కప్పేసిన కుర్చీ కుర్చీయేనా?

ఫోటోలో కుర్చీ ఉందా, సైకిల్ ఉందా అని కంప్యూటర్ గుర్తుపట్టాలంటే ఏ అల్గారిథంతో మొదలుపెట్టాలని అడిగారు. నన్నడిగితే అల్గారిథం జోలికి ఇప్పుడే పోవద్దు. ముందు కూర్చుని ఫోటోలకి లేబుల్స్ వేయండి, అంటే ఏ ఫోటోలో ఏ వస్తువుందో రాసిపెట్టండి, మీ చేత్తో, ఒక్కొక్కటిగా. మీ ప్రశ్నకి వచ్చిన మిగతా జవాబులన్నీ కన్వల్యూషన్ లేయర్ల (ఫోటోలో గీతలు, ఆకారాలు వెతికే లెక్కల పొరల) చుట్టూనే తిరుగుతున్నాయి. అసలు ఒళ్లు హూనమయ్యే చోటు గురించి ఒక్కరూ రాయలేదు.

కొంతకాలం నేను ఇంట్లో వస్తువులు గుర్తుపట్టే ఒక ప్రాజెక్టులో లేబుల్స్ సరిచూసే పని చేశాను. ప్రతి ఫోటో ఇద్దరి దగ్గరికి విడివిడిగా వెళ్తుంది. ఇద్దరూ ఒకే మాట చెబితే సరే, లేదంటే ఆ ఫోటో నా నెత్తిన పడుతుంది. వింత వస్తువుల దగ్గర పెద్దగా పేచీలు ఉండేవి కావు. తగాదాలన్నీ కుర్చీ దగ్గరే. మూడేళ్ల పిల్లాడు కూడా వేలు పెట్టి చూపించే కుర్చీ దగ్గర!

ఒక ఫోటో ఇప్పటికీ కళ్లముందే ఉంది. పడకగది మూల, మడతపెట్టని బట్టల గుట్ట. ఒక తువ్వాలు, రెండు మూడు చొక్కాలు, పైన జీన్స్ ప్యాంటు. గుట్ట కింద నాలుగు కాళ్లు. ఒకావిడ దాని చుట్టూ కుర్చీ అని బాక్స్ గీసింది, ఇంకో కుర్రాడు ఏమీ గీయకుండా వదిలేశాడు. ఇద్దరినీ పిలిచి కూర్చోబెట్టాను.

"కాళ్లు కనిపిస్తున్నాయి కదండీ, కుర్చీయే" అంది ఆవిడ.

"టీపాయ్‌కి కూడా కాళ్లుంటాయి మేడం. వీపు ఆనించే భాగం ఏదీ, చూపించండి" అన్నాడు వాడు.

"మరి బట్టలు అంత ఎత్తున ఎలా నిలబడ్డాయి బాబూ? వెనక ఏదో ఉండబట్టేగా!"

వాడు స్క్రీన్‌కి ముక్కు ఆనించినంత దగ్గరగా చూసి, సరే ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నవాడు ఊరుకోకుండా, "అయితే బాక్స్ ఎక్కడిదాకా గీయాలి? కనిపించే కాళ్ల వరకేనా, బట్టల కింద ఉందనుకుంటున్న కుర్చీ మొత్తానికా?" అన్నాడు. ఇంక చూడండి, పక్క టేబుళ్ల వాళ్లు కూడా చేరారు. అద్దంలో కనిపించే కుర్చీ సంగతేంటని ఒకరు, గోడమీద పోస్టర్‌లోది లెక్కలోకి వస్తుందా అని ఇంకొకరు, బొమ్మరింట్లో అగ్గిపెట్టంత కుర్చీని ఏం చేద్దామని మరొకరు. ఆ పూటంతా కుర్చీకే సరిపోయింది. కనిపించే భాగానికే బాక్స్, అద్దంలోది వద్దు, బొమ్మది వద్దు అని రూల్స్ రాసుకునే సరికి చీకటి పడింది.

ఆవిడ చేసినది గమనించారా? కనిపించని వీపును బట్టలు నిలబడ్డ తీరునుంచి రాబట్టింది. మనం మామూలుగా లేబుల్స్ వేసిన ఫోటోలు చూపించి ట్రైన్ చేసే మోడల్‌కి, అంటే ఫోటోలు గుర్తుపట్టే ప్రోగ్రాంకి, ఆ ఆలోచన ఎక్కడినుంచి వస్తుంది? అది పట్టుకునేది పిక్సెళ్లలో, ఫోటోలోని రంగు చుక్కల్లో, మళ్లీమళ్లీ కనిపించే పోలికల్నే. 2018లో కొందరు పరిశోధకులు పిల్లి ఆకారానికి ఏనుగు చర్మం తొడిగిన బొమ్మ చూపిస్తే, ఇమేజ్‌నెట్ అనే లేబుల్స్ వేసిన ఫోటోల పెద్ద సేకరణ మీద ట్రైన్ అయిన మోడల్ ఏనుగు అంది. 2019లో ఎంఐటీ వాళ్లు ఆబ్జెక్ట్‌నెట్ అని, మోడల్స్‌కి పరీక్ష పెట్టడానికి 50 వేల ఫోటోల టెస్ట్ సెట్ తయారుచేశారు. అందులో కుర్చీలు వెల్లకిలా పడి ఉంటాయి, వస్తువులు ఉండకూడని గదుల్లో, చూడని కోణాల్లో ఉంటాయి. అప్పటిదాకా మార్కులు దండిగా తెచ్చుకున్న మోడల్స్ ఆక్యురసీ, అంటే సరిగ్గా చెప్పే శాతం, 40 నుంచి 45 పాయింట్లు పడిపోయింది. పడిపోదా మరి? 2003 నాటి కాల్టెక్-101 అనే ఫోటోల సెట్ నుంచీ చూడండి, చాలా ఫోటోల్లో వస్తువు పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు బుద్ధిగా మధ్యలోనే ఉంటుంది.

అసలు కేటగిరీల జాబితా ఎవరు రాస్తున్నారన్నది ఇంకో గొడవ. ఇమేజ్‌నెట్ ఫోటోల మీద మోడల్స్‌కి పెట్టిన పోటీలోని 1000 కేటగిరీల్లో వందకి పైగా కుక్కల జాతులే. కుక్కల మీద అంత ప్రేమ ఉంటే ఉండొచ్చు, కానీ ఆ జాబితాలో వచ్చిన మార్కు చూపించి "కంప్యూటర్ ప్రపంచాన్ని చూడగలుగుతోంది" అంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

2012లో అలెక్స్‌నెట్ అనే మోడల్ ఆ పోటీ గెలిచిన కథ అందరూ చెబుతారు. రెండో స్థానంలో ఉన్నవాళ్లు 26 శాతం తప్పులు చేస్తే వీళ్లది 15 శాతమే. గొప్పే, కాదనను. కానీ ఇమేజ్‌నెట్‌లోని కోటీ 40 లక్షల ఫోటోల వెనక 167 దేశాల నుంచి దాదాపు 50 వేల మంది కూర్చుని క్లిక్కులు కొట్టారు. నా దృష్టిలో ఆ గెలుపులో సగం వాళ్లదే. వాళ్లలో ఒక్కరి పేరైనా చెప్పండి చూద్దాం. పైగా ఈ పనికి బాక్సుకింత అని లెక్కకట్టడం మామూలు. అంటే బట్టల కింద వీపు ఉందా అని ఆగి ఆలోచించిన మనిషికే నష్టమన్నమాట! చూడకుండా టకటకా గీసుకుంటూ పోయినవాడు నాలుగు డబ్బులు ఎక్కువ తీసుకుంటాడు. జూమ్ చేస్తే బాక్స్ జరిగిపోయే టూల్ ఒకటి మా ప్రాణానికి ఉండేది, దాని గురించి మొదలుపెడితే ఈ జవాబు ఇవాళ పూర్తవదు.

ఇమేజ్‌నెట్‌లో మోడల్‌ని సరిచూసుకోవడానికి పక్కన పెట్టే వ్యాలిడేషన్ సెట్‌లోనే దాదాపు 6 శాతం లేబుల్స్ తప్పని 2021లో లెక్కతేలింది. అయినా ఆక్యురసీ 0.3 శాతం పెరిగిందని పరిశోధన పత్రాలు రాసేవాళ్లు రాస్తూనే ఉంటారు.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. రెండు మూడొందల ఫోటోలు మీరే తీయండి, నీట్‌గా తీయకండి. చీకట్లో, సగం తెగిపోయేలా, వెనకనుంచి తీయండి. అవే ఫోటోలు ఒక స్నేహితుడికి కూడా ఇచ్చి, ఇద్దరూ విడిగా లేబుల్స్ వేయండి. ఎక్కడ తేడా వచ్చిందో చూసుకుని, పోట్లాడుకుని, రూల్స్ కాగితం మీద పెట్టండి. అల్గారిథం అంటారా, ముందే ట్రైన్ అయిన రెస్‌నెట్ రకం మోడల్ ఏదో ఒకటి తెచ్చుకుని చివరి లేయర్ తీసేసి మీ కేటగిరీలకి సరిపడేది పెట్టుకోండి. ఫోటోలు సిద్ధంగా ఉంటే అది ఒక పూట పని.